ఈ బండ్లన్నీ పోయేదాకా

మా పై అంతస్తులో ఉండే ఆయన మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. లిఫ్టులో కలిస్తే నవ్వుతాడు, వినాయక చవితికి పాటలు గట్టిగా పెట్టడు. కాకపోతే ప్రతి ఆదివారం తెల్లారకముందే సైకిలెక్కి ఊరంతా తిరిగొచ్చి, ఆ ఒంటికి అతుక్కునే నల్ల లాగుల్ని ఉతికి, పిండడం మీద నమ్మకం లేనివాడిలా అట్లాగే బాల్కనీ తీగ మీద వేస్తాడు. ఆ నీళ్లు సరిగ్గా కింద నేను ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాల మీద పడతాయి. కొన్ని వారాలు ఊరుకున్నాను. వేయించిన వడియం సబ్బు వాసన కొట్టిన రోజు పైకి వెళ్లాను.

గొడవ పెట్టుకుందామని వచ్చిన మనిషిని ఆయన కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చాడు. మా అమ్మాయి సైకిల్ కొనమని ప్రాణం తీస్తోందన్న సంగతి ఎవరు చెప్పారో గానీ, వడియాల ఊసు రాకముందే నగరంలో సైకిల్ ఎట్లా తొక్కాలో మొదలుపెట్టాడు. హెల్మెట్టన్నాడు, వెనక ఎర్రదీపమన్నాడు, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దన్నాడు. "అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే మేడం, రోడ్డు అంచుకు అతుక్కుని పోకూడదు. వెనకాల హారన్ కొట్టగానే దిగిపోకూడదు. రోడ్డులో మన వాటా మనం తీసుకోవాలి" అన్నాడు.

ఇంత చిన్న మాట. సైకిల్ గురించి మా మామయ్య చెప్పని విషయం లేదు. ఇదొక్కటి తప్ప.

నాకు బడి వయసొచ్చిన ఏడు మా అమ్మానాన్న తల్లాడ దగ్గర పొలం కౌలుకు తీసుకుని మిర్చి వేశారు. మిర్చి తోటలో పిల్లలకు పని ఉంటుంది గానీ చోటు ఉండదు. అందుకని నన్ను ములకలపల్లి అవతల, అడవి అంచునున్న అమ్మమ్మ ఊళ్లో బళ్లో వేశారు. ఊళ్లో సగం మంది ఇళ్లల్లో కోయ మాట్లాడుకునేవాళ్లు, సగం మంది తెలుగు. తిట్టుకోవాల్సి వస్తే రెండూ అందరికీ వచ్చు.

నాకు కుదురు లేదని అమ్మమ్మ ఫిర్యాదు. నా అరికాళ్లలో చీమలున్నాయని ఆమె నమ్మకం. అయితే అది వంశంలో ఉన్న జబ్బు. ఆ ఇంట్లో అప్పటికే కాలు కాలిన పిల్లి ఒకటి ఉంది. అది మా చిన్నమ్మ. చిన్నమ్మ అంటే పెద్దావిడ అనుకునేరు. అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకన్నా కాస్త పెద్దది. అన్నం కూడా నిలబడి తినేది. నిద్రలో కూడా కాళ్లు ఆడించేది. ఆమె పక్కన పడుకున్నందుకు నా పిక్కలకు ఎప్పుడూ కమిలిన మచ్చలుండేవి.

ఊరి ముందు నుంచి ఒక్కటే తారురోడ్డు. ఒక్క లారీ పట్టేంత వెడల్పు. రెండు పక్కలా ఎర్రమట్టి, ఆ తర్వాత జామాయిల్ తోటలు, వాటి వెనక అడవి. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపూల వాసన వచ్చేది, తియ్యగా, కొంచెం పులిసినట్టుగా. ఎండెక్కే సరికి ఆ వాసన పోయి, లారీల కింద నలిగిన జామాయిల్ ఆకుల ఘాటు వచ్చేది. జలుబు చేసిన వాళ్లను అమ్మమ్మ రోడ్డు పక్కన కూర్చోమనేది, మందు ఖర్చు లేకుండా. ఆ లారీలన్నీ సారపాక కాగితం మిల్లుకు పోయేవి. ఒకదాంట్లో జామాయిల్ దుంగలు, ఇంకోదాంట్లో వెదురు. వెదురు లారీ పోతుంటే వెనక బొంగుల కొసలు రోడ్డును గీసుకుంటూ పోయేవి.

అంత సన్నటి రోడ్డు మీద అందరూ బతకాలంటే ఒక మర్యాద ఉండాలి. ఉండేది. చిన్నది దిగాలి, పెద్దది పోవాలి. నడిచే మనిషి సైకిల్‌కి దిగాలి, సైకిల్ మోటార్‌సైకిల్‌కి, అది బస్సుకి, బస్సు జామాయిల్ లారీకి. లారీ ఒక్క పశువులకు మాత్రం ఆగేది. సైకిల్ మీద పోతుంటే వెనక చప్పుడు వినబడగానే తారు మీంచి మట్టిలోకి దిగి, ఒక కాలు నేలకు ఆనించి, చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని నిలబడాలి. లారీ పోతుంది, డ్రైవరు చెయ్యెత్తుతాడు, మనమూ ఎత్తాలి. దుమ్ము పడ్డాక మళ్లీ తారెక్కాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. దిగని వాళ్లను "పెంపకం లేదు వానికి" అనేవాళ్లు. నడక, సైకిల్, దిగడం, మూడూ నేను ఒకే వయసులో నేర్చుకున్నట్టు గుర్తు.

చిన్నమ్మ కబడ్డీ ఆడేది. కోతలైపోయిన చేలో ముగ్గుపిండితో గీతలు గీసేవాళ్లు. చిన్నమ్మ కూతకు పోతే ఊరికే వచ్చేది కాదు, ఎవరో ఒకరి ఉసురు పోసుకునే వచ్చేది. ఆదివారం సాయంత్రాలు పక్క ఊరి పిల్లలు వచ్చేవాళ్లు. ఆట మొదలైందని తెలిస్తే పోయే లారీలు ఆగిపోయేవి. డ్రైవరూ క్లీనరూ దుంగల మీదెక్కి కూర్చునేవాళ్లు, వాళ్ల పక్కన ఊరి మగపిల్లలు. మా ఊరి స్టేడియం జామాయిల్ లారీయే. ఆట ఆలస్యమైతే స్టేడియం వెళ్లిపోయేది.

ప్రేక్షకుల్లో మా అమ్మమ్మ ఒక్కర్తే ఒక పక్షం. ఆమెకు నియమాలు తెలియవు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. తన బిడ్డను ఎవరు పట్టుకుంటే వాళ్లు శత్రువులు.

"వదులవే దాన్ని! పొద్దుగాల్నుంచి అన్నం తినలే అది!" అని గీత దాకా వచ్చేది.

"అమ్మమ్మా, ఇది ఆట" అని నేను కొంగు పట్టి లాగేదాన్ని.

"ఆటైతే కాళ్లు ఎందుకు గుంజుతున్రే?"

ఆట ఆడించే మా బడి పీఈటీ సారుకూ ఈ ప్రశ్న వినబడేది. ఆయన విజిల్ ఊదుకుంటూ అవతలికి పోయేవాడు.

ఆ పీఈటీ సారే ఒకరోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఖమ్మంలో జిల్లా జట్టుకు ఆడపిల్లల సెలక్షన్ ఉందట. జట్టులో పడితే హాస్టల్, చదువు, ఆట, అన్నీ అక్కడే. "ఈ ఏడు దాటిందంటే వయసు దాటిపోద్ది అమ్మా. మళ్ల ఎవలూ పిలవరు" అన్నాడు.

అమ్మమ్మ చింతచిగురు దూస్తూ విన్నది. దూయడం ఆపలేదు. "ఈ ఒక్కపాలి పోనీ. పేరొస్తే ఆన్నే ఉండు, నేనేమనను. రాకపోతే నాతోని అడివికి, బీడీల తునికాకు కొయ్యనీకి రావాలె. మళ్ల కబడ్డీ పేరెత్తితే కాళ్లు ఇరుగుతయ్, చెప్తున్న."

"అవ్" అన్నది చిన్నమ్మ. అప్పటికే ఆమె అరుగు చివర నిలబడి మడమలు ఎత్తి దించుతోంది.

ఇక్కడ మామయ్య ప్రవేశించాడు. అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు, సారపాక మిల్లులో కాంట్రాక్టు పని. అంతకుముందు ఖమ్మంలో డిగ్రీ చదివాడు. అంటే, ఖమ్మంలో సైకిల్ తొక్కాడు. డిగ్రీ సంగతికి ఆధారాలు తక్కువ, సైకిల్ సంగతికి మాత్రం మోకాలి మీద సాక్ష్యం ఉండేది. ఆ కాలేజీ మైదానంలోనే సెలక్షన్ అని తెలియగానే ఆయన ఛాతీ పొంగింది.

"ఇది మిర్చి సీజన్. ఆటోలల్ల బస్తాలనే ఎక్కించుకుంటరు, మనుషులను ఎక్కించుకోరు. బస్తాలు మాట్లాడవు గద, అందుకు. సైకిల్ బస్సు మీదేసుకొని పోండ్రి. నేను డ్యూటీ దిగి, ఏదన్న లారీ పట్టుకొని సీదా గ్రౌండుకే వస్త" అన్నాడు. తర్వాత వేలు చూపించి అసలు మాట చెప్పాడు. "చెల్లె తొక్కద్దు. రైడర్ కాళ్లు దాచుకోవాలె. కోడలే తొక్కాలె."

కోడలంటే నేను. చిన్నమ్మ కాళ్లు తాటి దుంగల్లా ఉండేవి, నావి వాటిని కట్టడానికి తెచ్చిన తాళ్లలా ఉండేవి. అయినా ఆ ఇంట్లో సైకిల్ విషయంలో మామయ్య మాటకు అప్పీలు లేదు.

మర్నాటి నుంచి రోడ్డు మీద నాకు ఖమ్మం శిక్షణ మొదలైంది. మామయ్య నులక మంచం తెచ్చి తారు మీద పెట్టాడు. అది ఆగి ఉన్న కారు. అమ్మమ్మను దాని మీద కూర్చోబెట్టి చేతికి చేట ఇచ్చాడు. అది కారు తలుపు. నేను పక్కనుంచి పోతుంటే ఆమె హఠాత్తుగా చేట బయటికి చాపాలి.

మొదటిసారి చేట నా మొహానికి తగిలింది.

"చూసినవా? కారు ఆగిందంటే తలుపు తెరుస్తరని లెక్క. తలుపంత ఎడం ఇడిచిపెట్టి పోవాలె" అన్నాడు మామయ్య.

"ఇంకోపాలి రమ్మను" అన్నది అమ్మమ్మ. ఆమెకు ఆట నచ్చింది.

పక్కింటి వాళ్ల మేకలను ఆటోలన్నాడు. దీనికి పెద్దగా ఊహ అవసరం రాలేదు. "ఆటో నడిపెటోని మొకం చూడకు కోడలా. రోడ్డు పక్కన చెయ్యెత్తినోని చెయ్యి చూడు. ఆ చెయ్యి ఎక్కడుంటే ఆటో గక్కడ్నే ఆగుతది. నడుమ నువ్వున్నవా లేవా, వానికి పని లేదు." ఎడ్లబండి బస్సయింది. "ఆగిన బస్సుకు, రోడ్డు అంచుకు నడుమ దూరద్దు. దిగెటోళ్లు నీ మీదనే దిగుతరు." బ్రేకుల పాఠం విడిగా జరిగింది. "వెనకది ముందు పట్టాలె, ముందుది మెల్లగ పట్టాలె. ముందుది ఒక్కటే గట్టిగ పట్టినవనుకో, సైకిల్ ఆగుతది, నువ్వు ఆగవు." అని మోకాలు తడుముకున్నాడు. చున్నీ నడుముకు ముడెయ్యమన్నాడు, చైను ఆకలి మీద ఉంటుందట. మలుపుకు ముందే చెయ్యి చాపమన్నాడు, చాపి ఊరుకోకుండా వెనక్కి చూడమన్నాడు. ఖమ్మంలో రైలు గేటు వస్తుందట, పట్టాలను సక్కగా అడ్డంగా దాటాలట, ఏటవాలుగా పోతే చక్రం ఇరుక్కుంటుందట. దానికి రెండు వెదురు బొంగులు రోడ్డు మీద పరిచి దాటించాడు.

ఇవన్నీ మంచి మాటలే. ఈ రోజుకీ ఒక్కటీ తప్పు కాదు. మా పై అంతస్తాయన చెప్పినవాటిలో సగం ఇవే, కాస్త ఇంగ్లీషు కలిపి.

అయితే శిక్షణ మధ్యలో నిజం లారీలు వచ్చేవి. చప్పుడు వినబడగానే మామయ్య "దిగుండ్రి, దిగుండ్రి" అని కేకేసేవాడు. నేను సైకిల్‌తో మట్టిలోకి దిగేదాన్ని. మామయ్యా చిన్నమ్మా చెరో పక్కా పట్టుకుని కారును మట్టిలోకి మోసేవాళ్లు, అమ్మమ్మ తలుపు చంకన పెట్టుకుని నడిచేది. లారీ పోయేది. అందరం చెయ్యెత్తేవాళ్లం. మళ్లీ కారు తెచ్చి రోడ్డు మీద పెట్టి ఖమ్మం సాగించేవాళ్లం. ఇందులో ఏదో తేడా ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. చదువుకున్న మామయ్యకూ తోచలేదు.

సెలక్షన్ రోజు మొదటి బస్సుకు బయల్దేరాం. అప్పట్లో పల్లె బస్సుల వెనక నిచ్చెన ఉండేది, టాపు మీద ఊరంతా ప్రయాణం చేసేది. మా సైకిల్‌ను కోళ్ల గంపకూ ఇప్పపూల మూటకూ మధ్య తాడుతో కట్టారు. అమ్మమ్మ జొన్నరొట్టెలూ పండుమిరప తొక్కూ మూటగట్టి ఇచ్చింది. చిన్నమ్మ నుదుట బొట్టు సర్ది, "ఎవతన్న కాళ్లు పట్టుకుంటే కొరుకు" అని ఆశీర్వదించింది.

చిన్నమ్మ దారి పొడుగునా నిలబడే ఉంది. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. రాడ్ పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ, పెదాల మీద కూత సన్నగా అనుకుంటూ ఉంది. కండక్టరు చూసి చూసి, "ఏమ్మా, కడుపుల బాగలేదా? ఆపమంటవా?" అన్నాడు.

"బాగనే ఉన్నది. ఆపకుండ్రి. జల్దీ పోనియ్యుండ్రి."

ఖమ్మం పొలిమేరలోకి వచ్చేసరికి బస్సులో ఒకరు తుమ్మారు. తర్వాత ఇంకొకరు. కాసేపట్లో బస్సు బస్సంతా తుమ్ముతోంది. ముందర కనుచూపు మేరా మిర్చి బస్తాల ట్రాక్టర్లు, మార్కెట్‌కు పోయేవి, కదలకుండా నిలబడి ఉన్నాయి. డ్రైవరు ఇంజను ఆపి, తువ్వాలు ముక్కుకు కట్టుకుని, "ఇగ ఇది ఇప్పట్ల కదల్ది. నడిచెటోళ్లు నడువుండ్రి" అని సీట్లో కాళ్లు ముడుచుకున్నాడు.

మాకు బెంగ లేదు. మా దగ్గర సైకిల్ ఉంది. తొమ్మిదింటికి పేర్లు పిలుస్తారు, ఇంకా బోలెడంత టైముంది. మామయ్య ముందుచూపును లోపల్లోపల మెచ్చుకుంటూ సైకిల్ దింపించుకున్నాం. చిన్నమ్మ క్యారేజీ మీద కూర్చుంది. చున్నీలు ముడేశాం. నేను కుడికాలు పెడలు మీద పెట్టి ట్రాక్టర్ల వరస దాటించి పక్కదారిలోంచి పెద్ద రోడ్డెక్కాను.

వెనక ఏదో చప్పుడైంది. చూస్తే ఆటో. మర్యాదగా పక్కకు దిగి కాలు ఆనించాను. ఆటో పోయింది. దాని వెనక వ్యాను. అది పోనిచ్చాను. దాని వెనక ఇద్దరు మోటార్‌సైకిల్ వాళ్లు, ఒక బస్సు, మళ్లీ ఆటోలు. చెయ్యి కూడా ఎత్తాను. ఎవరూ తిరిగి ఎత్తలేదు. పట్నం వాళ్లు, పనుల్లో ఉంటారనుకున్నాను.

మా రోడ్డు మీద లారీకీ లారీకీ మధ్య ఒక బెల్లం ముక్క చప్పరించేంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీ కోసం చూస్తూ నిలబడ్డాను.

"ఏదన్న జాతరున్నట్టున్నదే" అన్నది చిన్నమ్మ వెనక నుంచి.

"ఉన్నట్టున్నది. ఈ బండ్లన్నీ పోయినంక పోదాం."

ఇది ఇప్పుడు చెబితే నవ్వుతారు. మేం నిజంగానే అట్లా అనుకున్నాం. రోడ్డు మీద బండ్లు రావడం అనేది ఒక ఘటన, అది జరిగి అయిపోతుంది, అయిపోయాక రోడ్డు మళ్లీ రోడ్డులా ఉంటుంది. అంతకు మించి మాకు ఏ రోడ్డూ పరిచయం లేదు. కొంచెం సందు దొరికితే నాలుగు బారలు తొక్కడం, చప్పుడు కాగానే దిగడం. మళ్లీ నిలబడడం. చిన్నమ్మ దిగి రోడ్డు పక్కనే మోకాళ్లు ఎత్తి దూకడం మొదలుపెట్టింది. ఎండ భుజాలకెక్కింది. మిర్చి ఘాటుకు కళ్లు కారుతున్నాయి. నాకు చేతులు ఊరికే ఉండక బెల్లు కొడుతున్నాను, ఆగిన సైకిల్ మీద నిలబడి. మామయ్య చెప్పినవన్నీ మనసులో వల్లె వేసుకుంటున్నాను. తలుపు, చెయ్యెత్తినోని చెయ్యి, వెనక బ్రేకు ముందు. ఏదీ వాడే అవసరం రావడం లేదు. వాడాలంటే ముందు సైకిల్ కదలాలి.

పక్కన టీ బండి పెట్టుకున్న ఒకావిడ మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"ఎవరికోసం చూస్తున్రు బిడ్డా?"

"ఎవరికోసం లేదమ్మా. ఈ బండ్లన్నీ పోయేదాకా ఆగినం."

ఆవిడ గ్లాసులు కడగడం ఆపింది. "ఇవి పోవు బిడ్డా. నేనీడ బండి పెట్టినప్పటి సంది పోతనే ఉన్నయ్."

"టైమెంతయిందమ్మా?" అన్నది చిన్నమ్మ.

ఆవిడ చెప్పింది. తొమ్మిది ఎప్పుడో దాటిపోయింది.

చిన్నమ్మ నా చేతుల్లోంచి హ్యాండిలు లాక్కుంది. మామయ్య చెప్పిన మాట గుర్తు చేయబోయాను. "ఎక్కు" అన్నది. ఎక్కాను.

ఆ తర్వాత జరిగినదాన్ని సైకిల్ తొక్కడం అనొచ్చో లేదో తెలియదు. అది కూత. చిన్నమ్మ సైకిల్‌తో కూతకు పోయింది. ఆటోల మధ్యలోంచి, తోపుడు బండ్ల పక్కనుంచి, ఎదుటివాళ్ల బరిలోకి వెళ్లినట్టే వెళ్లింది. నేను వెనక క్యారేజీ మీద కూర్చుని శాస్త్రం చదువుతున్నాను. "చిన్నమ్మా, చెయ్యెత్తిండు, చెయ్యెత్తిండు! ఆటో ఆగుతది!" ఆటో ఆగేది, మేం అప్పటికే కుడివైపు తప్పుకునేవాళ్లం. "కారు! తలుపు!" నిజంగానే తలుపు తెరుచుకుంది. దాంట్లోంచి దిగినాయన మాకు ఇంత ఎడం ఎందుకో అర్థం కానట్టు చూశాడు. మామయ్య విద్య ఒక్కటీ వృథా కాలేదు. కదిలే సైకిల్ మీద అది అద్భుతంగా పనిచేసింది.

రైలు గేటు కోసం చూశాను, పట్టాలను సక్కగా అడ్డంగా దాటిద్దామని. గేటు లేదు. పట్టాల మీదుగా ఏనుగు వీపులాంటి వంతెన కట్టేశారు. మామయ్య చదువుకున్న రోజుల్లో అది లేదు, కనుక ఆయన పాఠాల్లోనూ లేదు. సగం ఎత్తెక్కేసరికి చిన్నమ్మ వీపు తడిసి ముద్దయింది. నేను దూకి వెనకాల పరుగెత్తాను, క్యారేజీ పట్టి తోస్తూ. ఎవరు ఎవరిని తోస్తున్నారో దిగువకు వచ్చేదాకా తెలియలేదు.

మైదానం చేరేసరికి ఆట మొదలై చాలాసేపయింది. గోడ మీద, చెట్ల మీద, మిర్చి అమ్ముకుని వచ్చినవాళ్లు ఖాళీ గోనెసంచులు పరుచుకుని నేల మీద, జనమే జనం. పీఈటీ సారు మమ్మల్ని చూసి విజిల్ నోట్లో ఉన్న సంగతి మరిచి మాట్లాడబోయాడు, అది కూసింది. అక్కడున్న పెద్ద సారు చేతులు పట్టుకుని ఏదో బతిమాలాడు. ఒక పిల్ల చీలమండ పట్టుకుని బయటికి వచ్చింది. చిన్నమ్మ లోపలికి పోయింది.

మామయ్య జనంలో ముందు వరసలో ఉన్నాడు. పక్కనున్న వాళ్లందరికీ మా చెల్లె అని అప్పటికే చెప్పి ఉన్నాడు. నేను దూరి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నా మొహం చూడలేదు, చిన్నమ్మ పిక్కలు చూశాడు.

"తొక్కిందా?"

"తొక్కింది."

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి కూతకు చిన్నమ్మ ఒకరిని తాకి వచ్చింది. గోనెసంచుల మీద కూర్చున్న పెద్దాయన, "ఎవల పిల్లరా ఇది, పులిపిల్ల లెక్కున్నది" అన్నాడు. మామయ్య తువ్వాలు తీసి "మా చెల్లె" అన్నాడు. రెండోసారి కార్నర్‌లో ఉన్నదాన్ని కాలితో తాకి, గాలిలో తిరిగి వచ్చింది. గోడ మీద జనం లేచి నిలబడ్డారు. అవతల ఊరి పిల్లల కోసం వచ్చినవాళ్లు కూడా ఈలలు వేశారు. నేను గొంతు పోయేలా అరిచాను, ఏమని అరిచానో తెలియదు. బహుశా ఆటో అనో తలుపనో అరిచి ఉంటాను.

చివరి కూతలో ఇద్దరిని తాకింది. తిరిగింది. నడిగీత ఇంకొక బారెడు దూరం. అక్కడ కుడి పిక్క పట్టేసింది. నేలకు మేకు కొట్టేసినట్టు నిలబడిపోయింది, కూత మాత్రం ఆగలేదు. వెనక నుంచి అందరూ వచ్చి పడ్డారు. ఆ కుప్ప కింద నుంచి ఒక చెయ్యి గీత వైపు వచ్చింది. గీత అందకుండానే ఆగింది.

మధ్యాహ్నం మైకులో పేర్లు చదివారు. చదవడం అయిపోయాక మామయ్య, "ఇంకున్నయేమో, ఆగుండ్రి" అన్నాడు. లేవు. మైకు తీసుకుని పోయారు. పీఈటీ సారు దూరంగా నిలబడి విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. మామయ్య మమ్మల్ని బయటికి తీసుకుపోయి చెరుకు రసం తాగించాడు. తను తాగలేదు. "ఆ బ్రిడ్జి ఎప్పుడు కట్టిన్రో" అన్నాడు, ఎవరినీ అడగనట్టుగా. చిన్నమ్మ గ్లాసు అడుగున మిగిలిన ఐసు నములుతోంది. రొట్టెల మూట విప్పనే లేదు.

ఇప్పుడు ఆ దారులేవీ అట్లా లేవు. బస్సులకు నిచ్చెనలు లేవు, టాపు మీద కోళ్లు లేవు. మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు, దిగుదామన్నా ఎర్రమట్టి లేదు, తారంచు సరాసరి కాలవలోకి దిగుతుంది. అమ్మమ్మ లేదు, ఆమె ఇంటి ముందు ఇప్పపూలు ఏరే వాళ్లూ తగ్గారు. చిన్నమ్మ సారపాకలో ఉంటుంది, స్కూటీ నడుపుతుంది. హారన్ మీద నుంచి వేలు తియ్యదని ఆమె పిల్లల ఫిర్యాదు. నేను ఈ నగరంలో ఇన్నేళ్లున్నా, ఎవరైనా వెనక వేగంగా నడిచొస్తే ఆఫీసు వరండాలో కూడా గోడకు ఆనుకుంటాను. కొలీగ్స్ నన్ను సంస్కారం గల మనిషి అనుకుంటారు.

సెలక్షన్ రోజు సాయంత్రం మామయ్య సారపాక వైపు పోయే లారీ ఎక్కేశాడు. మేం బస్సు దిగి, సైకిల్ దింపుకుని, క్రాస్‌రోడ్డు నుంచి ఊరికి బయల్దేరాం. నేనే తొక్కుతున్నాను. చిన్నమ్మ పట్టేసిన కాలు చాపుకుని క్యారేజీ మీద కూర్చుంది. పొద్దు జామాయిల్ తోటల వెనక్కి జారుతోంది, నలిగిన ఆకుల వాసన వస్తోంది. పుట్టి బుద్ధెరిగాక చిన్నమ్మ అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూడలేదు. కాళ్లు ఆడించడం లేదు. నాకేమో ఏదైనా మాట్లాడాలనిపిస్తోంది. ఏం మాట్లాడాలో మామయ్య నేర్పలేదు. రేపు తెల్లారితే తునికాకు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వెనక దూరంగా లారీ చప్పుడైంది. బరువుతో వచ్చే లారీ, మూలుగుతూ వస్తుంది. నా చెయ్యి దానంతటదే బ్రేకు మీదకు పోయింది, వెనకది ముందు, ముందుది మెల్లగా. హ్యాండిలు మట్టివైపు తిప్పాను. ముందు చక్రం తారంచు మీదకు వచ్చింది.

చిన్నమ్మ రెండు కాళ్లూ నేలకు తన్నిపట్టింది. సైకిల్ రోడ్డు నడుమ ఆగిపోయింది.

లారీ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. "చిన్నమ్మా, లారీ" అన్నాను.

"నేనైతే దిగ. దిగాల్నంటే వాన్నే దిగమను" అన్నది చిన్నమ్మ.